నాలుగో బొత్తాం

తిరుపతి రైల్వేస్టేషన్ ఎదురు సందులో అయిదు అంగళ్ల ముందు చిమ్మి, నీళ్లు చల్లి, ముగ్గు పెట్టే పని దేవకమ్మది. మద్రాసు బండి కూత పెట్టేలోపల నాలుగు ముగించేది. పూలంగడి, లాడ్జి, మందులంగడి, గుండు చేయించుకున్నవాళ్లకు టోపీలమ్మే అంగడి. అయిదోది ఏకాంబరం పెట్టిన వీడియో గేముల అంగడి. అక్కడ మాత్రం రెండు ముగ్గులు. గడప బయట ఒకటి, లోపల కార్ల పెట్టె ముందు ఒకటి.

కార్ల పెట్టె అంటే బీరువాంత పెట్టె. ముందు ఒక స్టూలు, ఒక స్టీరింగు, పక్కన గేరు కర్ర, కాళ్లకింద తొక్కడానికి రెండు పలకలు, కళ్లెదుట టీవీ అద్దం. రూపాయి బిళ్ల వేస్తే అద్దంలో దారి కనిపించి కారు పరుగెత్తుతుంది. ఏకాంబరం దాన్ని ఎనభై ఆరులో మద్రాసులో పాతదిగా కొని, అరటికాయల లారీలో తెచ్చుకున్నాడు. అమ్మినవాడు ఒక్క సంగతి చెప్పడం మరిచిపోయాడు. పెట్టెలో కార్లూ లేవు, దారులూ లేవు. స్టీరింగు కింద వరసగా నాలుగు బొత్తాలున్నాయి. ఏది నొక్కినా అద్దం నల్లగా ఉండిపోయేది.

అంగడి తెరిచిన రోజు పూజ చేయించాడు పాపం, వేరే దారి లేక. దేవకమ్మ పెట్టె ముందు నేల తుడిచి మెలికల ముగ్గు పెట్టింది. పిండి పట్టిన చేయి ఎత్తకుండా, చుక్కల చుట్టూ తిప్పి తిప్పి, బయలుదేరిన చోటికే తెచ్చి కలిపింది. లాడ్జి గుమాస్తా గోవిందయ్య టెంకాయ కొట్టాడు. మొదటి బొత్తాంలో దీపం వెలిగింది. అద్దంలో అదే ముగ్గు దారిగా మారి కనిపించింది. రెండు పక్కలా తెల్లటి అంచులు, మధ్యలో ఎర్రగా చిన్న కారు.

"టెంకాయ సమంగా పగిలింది గదబ్బా, అందుకే" అన్నాడు గోవిందయ్య. అందరూ అవునన్నారు. బొరుగులూ బెల్లమూ పంచారు.

అయితే మెలికల ముగ్గుకు చివర ఎక్కడుంటుంది? బ్యాంకు గుమాస్తా సుబ్రమణ్యం పొద్దున తొమ్మిదికి ఒక్క రూపాయి వేసి కూర్చున్నవాడు పన్నెండయినా లేవలేదు. దారి అయిపోతే గదా లేవడానికి! ఏకాంబరం నెత్తి పట్టుకున్నాడు.

"అమ్మణ్ణీ, ఈసారి గీత యాడన్నా ఒక తావ కలపకుండా వదిలెయ్యి. ఆడికి ఆట అయిపోతాది."

"కలవని ముగ్గు గడప లోపల పెట్టకూడదన్నా. ఇంటికి మంచిది గాదు."

 ఏకాంబరానికీ అది నిజమే అనిపించింది. మర్నాడు ఆమె ఎనిమిది రేకుల తామరపువ్వు పెట్టింది. అది రెండో బొత్తాంలో చేరింది. ఆ దారి తిరిగి లేచినవాడికి తలుపెటో గోడెటో తెలిసేది కాదు. మూడోనాడు రథం ముగ్గు పెట్టమన్నాడు, కనీసం బండైనా మారుతుందని. మారింది. మూడో బొత్తాం నొక్కితే కారుకు బదులు రథం వచ్చేది. ప్రతి ఇంటి ముందు ఆగి హారతి తీసుకుని గాని కదిలేది కాదు. రథాన్ని దాటిపోవడం అపచారం కాబట్టి ఆ పందెంలో ఎవరూ ఎవరినీ దాటేవాళ్లు కాదు. పూలంగడి ఆడవాళ్లు మధ్యాహ్నం పూట వచ్చి, చెప్పులు బయట విడిచి, రూపాయి వేసి దండం పెట్టుకుని పోయేవాళ్లు. దాన్ని తీసేద్దామని ఏకాంబరం నేలంతా కడిగి చూశాడు. లోపలికి పోయింది లోపలే ఉండిపోయింది.

ఇక మిగిలింది నాలుగో బొత్తాం ఒక్కటే. అందులో ఏ కారు పెట్టాలి, ఏ దారి పెట్టాలి? ఆ వారమంతా సందులో ఇదే మాట.

సుబ్రమణ్యం మారుతీ కారు కావాలన్నాడు, మద్రాసు సముద్రపు ఒడ్డు రోడ్డు మీద. "కొత్త కారు, కొత్త రోడ్డు. మన ఊళ్లో ఎవరికీ లేనిది పెట్టాలి సార్" అన్నాడు. మందులంగడి వాళ్లు ఫియట్టు చాలన్నారు, అయితే బెంగుళూరు రోడ్డు కావాలన్నారు. కాలేజీ కుర్రాళ్లు పైకప్పు లేని విదేశీ కారడిగారు. గోవిందయ్య చంద్రగిరి కోట చుట్టూ జీపు తిప్పాలన్నాడు. ఎందుకని అడిగితే, తన పెళ్లి జీపులో జరిగిందన్నాడు.

ఏకాంబరానికి ఒక గుణముంది. ఎవరు చెప్పినా సరే, చెప్పినంతసేపూ అదే సరైనదనిపిస్తుంది. పలకమీద సుద్దముక్కతో మారుతీ అని రాసేవాడు. సాయంత్రానికి చెరిపి ఫియట్టు రాసేవాడు. రాత్రి ఇంటికిపోయి అన్నం ముందు కూర్చుని జీపు గురించి ఆలోచించేవాడు. ఒకరోజు చీటీలు రాసి దేవుడి పటం ముందు వేశాడు. ఒకటి తీశాడు, నచ్చలేదు. రెండోది తీశాడు, అదీ నచ్చలేదు. దేవుడు చెప్పినా మళ్లీ అడిగే రకం. చివరికి చీటీలన్నీ విప్పి చూసుకుంటే, ఒకటి తనే రాయడం మరిచిపోయి ఖాళీగా వేశాడని తేలింది. దాంతో ఇంకా అయోమయంలో పడ్డాడు.

ఇదంతా వింటూ నేల తుడుస్తున్న దేవకమ్మకు కూడా ఒక కోరిక ఉండేది. అది ఆట కోసం కాదు.

ఆమె మొగుడు దొరస్వామి ట్రావెల్సు కంపెనీలో అంబాసిడర్ కారు తోలేవాడు. చిత్తూరికీ కాణిపాకానికీ పాకాల జంక్షనుకూ తోలితే వెనక కూర్చున్నవాళ్లకు కునుకు పట్టేది, అంత నింపాదిగా పోనిచ్చేవాడు. కానీ తిరుపతిలో డ్రైవరు బతుకంతా కొండ మీదే గదా. కొండకు బండి తోలాలంటే బ్రేకు ఇన్‌స్పెక్టరును పక్కన కూర్చోబెట్టుకుని ఘాటురోడ్డు ఎక్కి దిగి చూపించాలి. దొరస్వామి రెండుసార్లు పోయి రెండుసార్లూ తప్పాడు. రెండుసార్లూ తొమ్మిదో మలుపు దగ్గరే. మలుపు మధ్యకు పోయాక గేరు మార్చబోయేవాడు, బండి వెనక్కి జారేది, కింద లోయ కనపడేది. ఆపైన అతని చేతులు అతని మాట వినేవి కాదు. మూడోసారి సోమవారం. అదీ తప్పితే కారు వేరేవాడికిస్తానని కంపెనీ యజమాని మొహం మీదే చెప్పాడు. అప్పుడిక దొరస్వామి బెంగుళూరు పోయి లారీలో క్లీనరుగా చేరాలి, దేవకమ్మ ఇక్కడ ఒంటరిగా అయిదంగళ్లు చిమ్ముకోవాలి. పెళ్లయిన పదేళ్లలో వాళ్లు విడిగా పడుకున్న రాత్రులు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. దేవకమ్మకు ఆ తలపే భరించరానిదిగా ఉండేది.

గురువారం సాయంత్రం చీపురు మూలన పెట్టి ధైర్యం చేసి అడిగింది.

"అన్నా, ఆ నాలుగోదాంట్లో కొండదారి పెడితే బాగుంటాది. మా ఆయన నాలుగుసార్లు తోలి సూసుకుంటాడు."

"కొండదారా? దానికి రూపాయి ఎవురిస్తారమ్మణ్ణీ? బయటికిపోతే ఊరికే కనపడతా ఉండాది" అన్నాడు ఏకాంబరం. అని, ఆమె మొహం చూసి, "అట్లని కాదులే... చూస్తాం" అన్నాడు. దేవకమ్మ ఇంటికి పోయింది. దారిపొడుగునా ఏడుపు మింగుకుంది.

శుక్రవారం పొద్దున ఏకాంబరం కళ్లు ఎర్రగా చేసుకుని వచ్చాడు. నిద్రపోలేదు. "మారుతీ. సముద్రం. అయిపోయింది, ఇంక మార్చేది లేదు" అన్నాడు.

దేవకమ్మ ముగ్గుపిండి చేతిలోకి తీసుకుని అలాగే కూర్చుంది.

"ఏందమ్మణ్ణీ?"

"సముద్రం నేను సూడలేదన్నా. ఆ రోడ్డున నడవలేదు. నడవని దారి సేతికి రాదు."

"మారుతీ?"

"దాన్నీ ముట్టుకోలేదు."

ఏకాంబరం తల గోక్కున్నాడు. "అయితే ఫియట్టు పెట్టు. వద్దులే, ఉండు. జీపు... జీపంటే చంద్రగిరి. చంద్రగిరికి నడిచినావా?"

"చిన్నప్పుడు ఒకసారి."

"ఒకసారి చాలదేమో. ఉండు, గోవిందయ్యనడిగొస్తా" అని బయటికి పోయాడు. గోవిందయ్య కాఫీ తాగుతూ జీపు సంగతి మొదలుపెట్టాడు. తిరిగివచ్చేసరికి పెట్టె ముందు సగం నేల ముగ్గుతో నిండిపోయి ఉంది. దేవకమ్మ వంగి, తలెత్తకుండా, గీత లాగుతోంది.

"ఇది సముద్రం మాదిరి లేదే?"

"కొండన్నా."

"నేను కొండ చెప్పలేదే!"

"మీరేం సెప్పినారో మీకు గెవనముండాదా?"

ఏకాంబరం నిజంగానే ఆలోచించాడు. పొద్దున్నుంచి తను చెప్పినవన్నీ ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోయాయి. ఏమో, కొండ కూడా చెప్పానేమోననిపించింది. స్టూలు మీద కూర్చుని చూస్తూ ఉండిపోయాడు.

కొండ దేవకమ్మ చేతికి రాకుండా ఎలా ఉంటుంది? కొత్త ఘాటురోడ్డు వేస్తున్న రోజుల్లో ఆమెకు పదిహేడేళ్లు. రెండేళ్లపాటు కంకర తట్ట నెత్తిన పెట్టుకుని ఆ మలుపులన్నీ కాళ్లతో తొక్కింది. ఎక్కడ ఎండ తగులుతుందో, ఎక్కడ కాలు జారుతుందో, ఎక్కడ తట్ట దించి ఊపిరి పీల్చుకోవాలో ఆమె పాదాలకు తెలుసు. గీతను పైదాకా ఎక్కించి, పాతరోడ్డున కిందికి తెచ్చి, కొండ మొదట్లో అలిపిరి దగ్గర కలిపింది. ఎక్కేది ఒక రోడ్డు, దిగేది ఇంకో రోడ్డు కాబట్టి గీత కలవకపోవడమన్న బెంగ లేదు. పక్కన కారు గీసింది. ప్రతి శనివారం ఇంటిముందు తన చేతులతో కడిగే అంబాసిడరే. ముందు అద్దం మీద చిన్న పగులుతో సహా వచ్చింది.

నాలుగో బొత్తాంలో దీపం వెలిగింది.

మొదట సుబ్రమణ్యం ఆడి చూశాడు. మారుతీ రాలేదని అలిగాడు గాని రూపాయి మాత్రం వేశాడు. ఆ కారు ఎంత తొక్కినా పరుగెత్తేది కాదు. నెత్తిన బరువున్నట్టు ముందుకు వంగి నిదానంగా ఎక్కేది. కొన్ని చోట్ల ఆగి ఊపిరి పీల్చుకునేది. పైకి పోయాక దర్శనం కాకుండా దిగనిచ్చేది కాదు, క్యూలో నిలబెట్టేది.

"ఇదేం పందెం సార్? దీనికంటే రథమే నయం" అన్నాడు సుబ్రమణ్యం.

"నిదానంగా పోవప్పా, ఘాటురోడ్డు గదా" అన్నాడు గోవిందయ్య వెనక నిలబడి. అంతలో అద్దంలో దారిపక్క నడుస్తున్న ఒకామెను చూసి, "అదో మా వదిన! ఈ పొద్దే మొక్కు తీర్చేదానికి పోతానని సెప్పింది. ఎండలో చెప్పుల్లేకుండా పోతా ఉండాది చూడు" అన్నాడు. సాయంత్రం లడ్డు ఇవ్వడానికి వచ్చిన వదినను, కాలు నొప్పి తగ్గిందా అని అడిగాడు. ఆమె తగ్గిందంది.

శనివారం మధ్యాహ్నం అంగడి మూసిన వేళకు దేవకమ్మ దొరస్వామిని తీసుకువచ్చింది. అతను స్టూలు మీద కూర్చుని స్టీరింగు పట్టుకున్నాడు. ఎనిమిది మలుపులు బాగానే పోయాడు. తొమ్మిదోది వచ్చింది. మలుపు మధ్యలో గేరు కర్ర లాగాడు. కారు వెనక్కి జారింది, అద్దం నల్లబడింది. మళ్లీ మొదటినుంచి. మళ్లీ అక్కడే. ఆరోసారికి అతని చొక్కా వీపున అంటుకుపోయింది.

"మామా, ఒక మాట సెప్తా. కోపగించుకోవద్దు" అంది దేవకమ్మ. "ఆడ మేము తట్ట మోసేటప్పుడు మేస్త్రీ ఏం సెప్పేవాడంటే, మలుపు రాకముందే అడుగు మార్సుకోవల్ల. మలుపులో మార్సినామంటే తట్ట పడిపోతాది, దాని ఎనకాలే మనమూ పడిపోతాము."

"కారూ తట్టా ఒకటేనా? గమ్మునుండు."

"ఒకటే. సూడు" అని ఆమె అతన్ని లేపి తను కూర్చుంది. కాళ్లు పలకలకు సరిగా అందలేదు, స్టూలు అంచుకు జరిగింది. తొమ్మిదో మలుపుకు ఇరవై అడుగుల ముందే గేరు కర్ర కిందికి దించింది. కారు మూలిగింది. మూలుగుతూనే మలుపు తిరిగి పైకి పోయింది. ఒక్కసారి కూడా జారకుండా చివరిదాకా పోయి, క్యూలో నిలబడి, దిగి వచ్చింది. ఏకాంబరం నోరు తెరిచి చూస్తూ ఉండిపోయాడు.

దొరస్వామి మాత్రం సంతోషపడలేదు. "సోమవారం నువ్వే పో పరీచ్చకు" అని లేచి బయటికి నడిచాడు. ఆ రాత్రి వాళ్లింట్లో మాటల్లేవు. దేవకమ్మకు తప్పుచేసినట్టే ఉంది, చేయనట్టూ ఉంది. చూపించకపోతే ఎలా? చూపిస్తే ఇలా. ఏది సరైనదో ఆమెకు తోచలేదు.

ఆదివారం మధ్యాహ్నం అతనే వచ్చాడు, ఆమెను రావద్దన్నాడు. ఎన్నిసార్లు తోలాడో ఏకాంబరానికే తెలియాలి. అడిగితే, "ఒకసారి ఎక్కినాడు. కాదు, రెండుసార్లేమో. మధ్యలో నాకు నిద్ర పట్టిందమ్మణ్ణీ" అన్నాడు. ఆ మాటతో దేవకమ్మకు ధైర్యం రావాలో భయం రావాలో తెలియలేదు.

సోమవారం పొద్దున దొరస్వామి ఉతికిన ఖాకీ చొక్కా వేసుకుని, నుదుట బొట్టు పెట్టుకుని పోయాడు.  దేవకమ్మ నాలుగంగళ్లు ఊడ్చింది గాని ఏ అంగడి ముందు ఏ ముగ్గు పెట్టిందో ఆమెకే తెలియదు. మందులంగడి ముందు రెండుసార్లు పెట్టి, టోపీల అంగడి మరిచిపోయింది.

తొమ్మిదిన్నరకు ఆమె ఏకాంబరం అంగడిలో నేల తుడుస్తుంటే సుబ్రమణ్యం వచ్చాడు. బ్యాంకు తెరవడానికి ఇంకా అరగంట ఉంది. రూపాయి వేసి నాలుగో బొత్తాం నొక్కాడు.

"ఏంది సార్ ఇది? కారులో ఎవరో కూర్చోనుండారు!"

దేవకమ్మ తలెత్తింది. అలిపిరి దాటి అంబాసిడర్ పోతోంది. ముందు అద్దం మీద పగులు. తోలేవాడు ఖాకీ చొక్కా. పక్కన లావుపాటి మనిషి, ఒళ్లో అట్ట, చేతిలో పెన్ను.

"స్టీరింగు దానంతట అదే తిరుగుతా ఉంది" అన్నాడు సుబ్రమణ్యం. అన్నవాడు చేతులు తీయొచ్చుగదా? తీయలేదు. ఇంకా గట్టిగా పట్టుకుని పక్కకు తిప్పడానికి చూశాడు. అద్దంలో కారు ఒక్క కుదుపుతో రోడ్డు అంచుకు పోయింది. లావుపాటి మనిషి ఉలిక్కిపడి డోరు పట్టుకున్నాడు.

"సెయ్యి తియ్యి!" అని అరిచింది దేవకమ్మ. చీపురు పారేసి వచ్చి, బ్యాంకు గుమాస్తాను భుజం పట్టి స్టూలు మీదనుంచి లాగేసింది. ఆమె అంతకుముందు ఆ సందులో ఎవరినీ 'నువ్వు' అని కూడా అనలేదు.

"నా రూపాయి!" అన్నాడు సుబ్రమణ్యం.

"నీ రూపాయి నేనిస్తాలేప్పా, గమ్మునుండు" అన్నాడు ఏకాంబరం. ఏం జరుగుతోందో అతనికి పూర్తిగా అర్థమైందని చెప్పలేం. కానీ దేవకమ్మ మొహం చూశాడు, అది చాలింది.

ఆమె స్టూలు మీద కూర్చుంది. స్టీరింగు మీద అరచేతులు ఆనించింది, పట్టుకోలేదు. అది ఆమె చేతుల కింద మెల్లగా కదులుతోంది. చక్రంలో సన్నటి వణుకుంది. ఆ వణుకు ఆమెకు తెలుసు. పెళ్లిలో తాళి కట్టేటప్పుడు మెడవెనక తగిలిన చేతులవి.

అయిదో మలుపు. ఆరు. ఏడు. బాగానే పోతున్నాడు. ఎనిమిది.  తొమ్మిదో మలుపు కనబడుతోంది. గేరు మార్చాల్సిన చోటు దగ్గరపడుతోంది. గేరు కర్ర కదల్లేదు. ఇరవై అడుగులు. కదల్లేదు.

దేవకమ్మ చేయి చాచి గేరు కర్ర పట్టుకుంది. కర్ర వెచ్చగా ఉంది. కొంచెం కిందికి లాగితే చాలు. అంతా అయిపోతుంది. ఇన్‌స్పెక్టరు రాసిస్తాడు, దొరస్వామి బెంగుళూరు పోడు, రాత్రి పక్కన ఉంటాడు. లాగాలనే ఆమె పట్టుకుంది.

మరి రేపు? రేపు కారు నిండా పిల్లలూ ముసలివాళ్లూ ఉంటారు. ఎల్లుండి వానలో ఎక్కాలి. ఆ రోజు తను ఏ అంగడి ముందు వంగి ఉంటుందో? పెట్టె ముందు ఎవరు కూర్చుని ఉంటారో? ఈ మలుపు అతను ఈ రోజు ఎక్కకపోతే ఇంకెప్పుడూ ఎక్కలేడని ఆమెకు తెలిసిపోయింది. అయినా కర్రమీదనుంచి చేయి రావడం లేదు. పట్టుకున్నదాన్ని వదలడానికి అంత బలం కావాలని తట్టలు మోసినప్పుడు కూడా ఆమెకు తెలియదు.

చేయి తీసేసింది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది.

"అయ్యో, పట్టుకో అమ్మణ్ణీ!" అన్నాడు ఏకాంబరం. వెంటనే, "వద్దు, వద్దులే" అన్నాడు. ఆ తర్వాత చేత్తో తన నోరు తనే మూసుకున్నాడు.

 గేరు కర్ర టక్కుమంది. కళ్లు తెరిచేసరికి కర్ర కిందికి దిగి ఉంది. కారు మూలుగుతూ, ముందుకు వంగి, తొమ్మిదో మలుపు తిరుగుతోంది. లావుపాటి మనిషి అట్టమీద ఏదో రాసుకుంటున్నాడు. దేవకమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. సుబ్రమణ్యం బ్యాంకు సంగతి మరిచిపోయి, "పైన క్యూ ఎంతుందో ఏమో" అన్నాడు.

మధ్యాహ్నం రెండింటికి దొరస్వామి వచ్చాడు. కారు సందు మొదట్లో ఆపి, చేతిలో కాగితంతో నడిచి వచ్చాడు. ఏకాంబరం ఎదురుపోయి కాగితం తీసుకుని తలకిందులుగా చదివాడు. గోవిందయ్య తిప్పి ఇచ్చాడు. పాసు.

దొరస్వామి లోపలికి వచ్చి, నేలమీద గోడకానుకుని కూర్చున్న దేవకమ్మ పక్కన కూర్చున్నాడు. 

"తొమ్మిదో మలుపు కాడ" అన్నాడు, "గేరు కర్ర మీద నీ సెయ్యి ఉండె."

"ఉండె."

"ఉండాది గదా, నువ్వే మారుస్తావులే అనుకున్నా. నేను గమ్మునుండిపోయినా."

దేవకమ్మ అరచేతికంటిన ముగ్గుపిండి దులుపుకుంది.

"తీసేసినావు."

"తీసేసినా."

దొరస్వామి తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఆ చెయ్యి ఇప్పుడు వణకడం లేదు.

"యాడలేని కోపమొచ్చింది నీ మీద" అన్నాడు. "ఆ కోపంలోనే మార్సేసినా."

దేవకమ్మకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. బయట సందులో ఎవరో గుండు చేయించుకున్న కుటుంబం నిలబడి, కొండకు కారు దొరుకుతుందా అని గోవిందయ్యనడుగుతున్నారు. దొరస్వామి లేచి ఖాకీ చొక్కా సర్దుకుని, "దొరుకుతాది, రాండి" అన్నాడు.